కొట్టుకు వెళ్లే ముందు అడుగు మూత విప్పండి

మే నెల మధ్యాహ్నం. ఫరీదాబాద్‌లో బయట వడగాలి, లోపల కూలర్ రొద. పిల్లవాడి హోంవర్కు ప్రింటు తీద్దామని ఆరేళ్లనాటి ల్యాప్‌టాప్ తెరిచారు. తెర మీద చుక్కల వలయం తిరుగుతూనే ఉంది. టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా అదే తెర. మధ్యమధ్య లోపలినుంచి టిక్కుటిక్కుమని చప్పుడు. రేపు మెట్రో ఎక్కి ఢిల్లీ కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్ వెళ్లి కొత్త హార్డ్ డిస్కు వేయించేద్దామని ఇంట్లో అనేసుకున్నారు కూడా.

వెళ్లండి. కాని రేపే వద్దు.

బాటా చౌక్‌లో ఎక్కినా, ఓల్డ్ ఫరీదాబాద్‌లో ఎక్కినా వయొలెట్ లైన్ రైలు మారనక్కర్లేకుండా మిమ్మల్ని నెహ్రూ ప్లేస్‌లో దించుతుంది. 2015 సెప్టెంబరులో ఆ లైను మన ఊరికి వచ్చాక ఆ బజారు పక్కవీధిలా అయిపోయింది. అందుకే ఏమీ తెలుసుకోకుండా లేచి వెళ్లిపోతున్నాం. కౌంటరు ముందు నిలబడగానే కొట్టువాడు అడిగే మొదటి మాట, "కౌన్‌సా చాహియే, సర్?" దానికి మీ దగ్గర జవాబు లేకపోతే ఆ జవాబు కూడా అతనే చెబుతాడు. తన దగ్గర ఏ సరుకు ఎక్కువగా మిగిలి ఉంటే అదే మీకు సరైనది అవుతుంది. ఏ డిస్కు కొనాలో ఇంట్లో తేలాలి. కౌంటరు దగ్గర తేలవలసింది ధర, బిల్లు. అంతే.

ఇంట్లో చేయాల్సిన పని ఒక్క సాయంత్రం పడుతుంది. మొదలుపెడదాం.

1. ముందు కాపీ తీయండి

డిస్కు నెమ్మదించిందీ అంటే మీకు మిగిలిన సమయం ఎంతో ఎవరూ చెప్పలేరు. కాబట్టి మొత్తం డిస్కుని ఒకేసారి కాపీ చేయాలని కూర్చోకండి. మరెక్కడా దొరకని వాటితో మొదలుపెట్టండి. అమ్మమ్మ పాడిన పాటల రికార్డింగు, పాత ఫోను నుంచి దింపిన ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషను కాగితాల స్కాన్లు. తర్వాత ఆఫీసు ఫైళ్లు. సినిమాలు ఆఖరున, అదీ ఓపిక ఉంటే.

తెలుగువాళ్లం మరొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేయించిన పెళ్లి శుభలేఖలు, తెలుగు సంఘం సావనీర్లు, నాన్నగారి వ్యాసాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఫైలు మాత్రం కాపీ చేసి ఫాంట్లు వదిలేశారా? కొత్త డిస్కులో తెరిచిన రోజున తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లు కూడా తీసి పెట్టుకోండి. ఇంకా మంచిది, పాత కంప్యూటరు పనిచేస్తుండగానే ఆ ఫైళ్లని పీడీఎఫ్‌లుగా మార్చి దాచుకోండి.

ఈ దశలో జరిగే తప్పులు ఎక్కువగా మంచి ఉద్దేశంతో చేసేవే. నెమ్మదిగా ఉందని డీఫ్రాగ్ చేస్తారు, తప్పులు సరిదిద్దుతుందని చెక్‌డిస్క్ నడుపుతారు. పోబోతున్న డిస్కుకి ఈ రెండూ రోగికి పరుగుపందెం పెట్టినట్టే. కాపీ పూర్తయ్యేదాకా ఆ జోలికి పోవద్దు. టిక్కుమనే చప్పుడు గట్టిగా, ఒకే లయలో వస్తుంటే వెంటనే ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపల తిరిగే పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది. అందులో అమూల్యమైనవి ఉంటే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి అలాగే, తాకకుండా తీసుకెళ్లండి. ఫ్రీజర్‌లో పెడితే లేస్తుందని ఎవరో చెబుతారు. చెమ్మ పట్టి ఉన్నదీ పోతుంది. వీధి చివర రిపేరు కొట్టులో డిస్కు మూత విప్పి చూస్తామంటే అసలు ఒప్పుకోకండి. లోపల రీడింగ్ హెడ్డు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు. ఫరీదాబాద్ దుమ్ములో ఆ మూత తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

2. రోగం డిస్కుదేనా?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము ఉంది. డిస్కు తన గురించి తాను రాసుకునే చిట్టాని చదివి చూపిస్తుంది. నీలం రంగు ఉంటే బాగున్నట్టు, పసుపు జాగ్రత్త, ఎరుపు ప్రమాదం. రంగుతో ఆగకుండా 05, సీ5, సీ6 అనే వరసలు చూడండి. చెడిపోయి పక్కనబెట్టిన సెక్టార్లు, అనుమానంలో ఉన్న సెక్టార్లు, చదవలేకపోయినవి అక్కడ తెలుస్తాయి. సున్నాలు కాకుండా అంకెలు ఉండి, అవి వారం వారం పెరుగుతుంటే డిస్కు పోతున్నట్టే.

సీ7 అనే వరసని మాత్రం అందరూ దాటేస్తారు. 05, సీ5 సున్నాగా ఉండి సీ7 పెరుగుతుంటే తప్పు చాలాసార్లు కేబులుది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కుకీ బోర్డుకీ మధ్య పల్చటి రిబ్బను కేబులు ఉంటుంది. ఫరీదాబాద్ సెక్టార్ 28లో మాకు తెలిసిన ఒక అన్నగారు ఏడాదిలో రెండు డిస్కులు మార్పించారు. రెండూ నెల తిరక్కుండా మొరాయించాయి. చివరికి మార్చాల్సింది ఆ రిబ్బనని తేలింది. డిస్కుతో పోలిస్తే దాని ధర ఏపాటి?

3. అడుగు మూత విప్పండి, కనీసం మాన్యువల్ అయినా తెరవండి

అధ్యాయం మొత్తంలో ఇదే ముఖ్యమైన మెట్టు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు రాసుకోండి. "డెల్ ఇన్‌స్పిరాన్" అంటే సరిపోదు, తర్వాత ఉన్న అంకెలు కావాలి. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది. లెనోవో దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది. ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా ఉంటుంది. వారంటీలో ఉన్న యంత్రమైతే మూత తెరవవచ్చో లేదో కూడా ముందు చూసుకోండి.

లోపల మీకు కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది 2.5 అంగుళాల పెట్టె. చీట్లపేకకట్ట అంత ఉంటుంది, సాటా కనెక్టరు. ఇక్కడ మందం చూడాలి. 9.5 మిల్లీమీటర్ల గూడులో 7 మిల్లీమీటర్ల డిస్కు చిన్న ప్లాస్టిక్ ఫ్రేముతో బిగుస్తుంది. 7 గూడులో 9.5 దూరదు. ఈనాటి సాటా ఎస్ఎస్‌డీలు (తిరిగే పళ్లెం లేని చిప్పుల డిస్కులు) దాదాపు అన్నీ 7 మిల్లీమీటర్లవే కాబట్టి ఎస్ఎస్‌డీ కొనేవాళ్లకి ఈ బెంగ లేదు.

రెండోది ఎం.2, చూయింగ్ గమ్ రేకులా ఉండే పల్చని ముక్క. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు అని అర్థం. 2242, 2230 కూడా ఉన్నాయి. పొడవు తప్పితే స్క్రూ పడదు. పొడవు కుదిరినా పని అయిపోలేదు. ఎం.2లో సాటా భాష మాట్లాడేవి, ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవి వేరు వేరు.

నా అనుభవం చెబుతాను. పాత ల్యాప్‌టాప్‌లో ఎం.2 గూడు ఉందని తెలిసి సంబరపడి, కొట్టులో "ఎం.2 ఇవ్వండి" అని అడిగాను. ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే చక్కగా కూర్చుంది, స్క్రూ పడింది. బయాస్‌లో మాత్రం దాని జాడే లేదు. రెండు గంటలు ఊడదీసి పెట్టడమే పనైంది. మాన్యువల్ తెరిచి చూస్తే ఒక్క వాక్యం: ఆ గూడు సాటాకి మాత్రమే. నేను తెచ్చింది ఎన్‌వీఎంఈ. సీలు తీసినందుకు కొట్టువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ వాక్యం ముందురోజు చదివి ఉంటే సరిపోయేది. సాధారణంగా సాటా ఎం.2కి రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒక గాటు ఉంటాయి. అయినా గాట్లని నమ్ముకోకండి, మాన్యువల్‌నే నమ్మండి.

మూడోది, బోర్డుకే అతికించేసిన చిప్పులు. 2016 తర్వాతి మ్యాక్‌బుక్ ప్రోలలో చాలావాటికి ఇంతే. మార్చడం మీ చేతుల్లో లేదు. బయట పెట్టుకునే యూఎస్‌బీ డిస్కే దారి.

మూత తెరిచినవాళ్లలో కొందరికి ఒక శుభవార్త ఎదురవుతుంది. హార్డ్ డిస్కుతో అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా 2017 నుంచి 2020 మధ్యవాటిలో, పక్కనే ఖాళీ ఎం.2 గూడు ఉండటం కద్దు. మీదీ అలాంటిదైతే విండోస్‌ని కొత్త ఎస్ఎస్‌డీలోకి మార్చి, పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే దాన్ని సరుకుల గదిలా వాడుకోవచ్చు.

4. తిరిగే పళ్లెమా, చిప్పా?

ఎస్ఎస్‌డీ తీసుకోండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

నిమిషానికి 5400 చుట్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదువుతుంది. సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, మూడో తరం ఎన్‌వీఎంఈ 3500 దాకా చదువుతాయి. అసలు తేడా ఈ అంకెల్లో లేదు. విండోస్ లేచేటప్పుడు అక్కడో ముక్క ఇక్కడో ముక్క వేల చిన్న ఫైళ్లు చదవాలి. హార్డ్ డిస్కులో ప్రతి ముక్క కోసం లోపలి చేయి కదలాలి, పళ్లెం తిరిగి ఆ చోటు కిందికి రావాలి. చిప్పులో కదిలేదే లేదు. మీ టీ గ్లాసు ఎండిపోయే లోపు కూడా లేవని యంత్రం అర నిమిషంలోపే లేస్తుంది. దానికి సాటా ఎస్ఎస్‌డీ చాలు. పాత ల్యాప్‌టాప్‌లో మూడో తరం గూడు ఉంటే నాలుగో తరం డిస్కు పనిచేస్తుంది గాని మూడో తరం వేగంతోనే. ధర ఒకటే అయితే తీసుకోండి, ఎక్కువైతే వద్దు.

చిప్పు మేలనడానికి కుదుపులు మరో కారణం. మథురా రోడ్డు మీద ఆటోలో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నిద్రలోకి కూడా పంపకుండా తీసుకెళ్లేవాళ్లని చూస్తూనే ఉంటాను. తిరుగుతున్న పళ్లేనికి ఆ కుదుపులు ప్రాణాంతకం.

ఇంకో సంగతి, దీన్ని ఏ డబ్బా మీదా రాయరు. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇంకా పనిచేస్తోందా? చచ్చిన బ్యాటరీతో, ఛార్జరు గుచ్చి ఉంచి డెస్క్‌టాప్‌లా వాడే ఇళ్లు ఎన్నో. కరెంటు పోయిన క్షణంలో డిస్కు రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. ఇన్వర్టరు అందుకునే లోపే జరగాల్సింది జరిగిపోతుంది. ఎస్ఎస్‌డీకీ ఇది మంచిది కాదు, ఏ ముక్క ఎక్కడుందో అది రాసుకునే పట్టిక చెదిరే ప్రమాదం ఉంది. జూన్‌లో ఎన్నిసార్లు కరెంటు పోతుందో మీకు తెలుసు. అలాంటి ఇంట్లో కొత్త డిస్కుతోపాటు బ్యాటరీకి కూడా డబ్బు పక్కన పెట్టండి.

5. ఎన్ని జీబీలు?

ఇప్పుడు నిండిన చోటు ఎంతో చూసి, దానికి సగం కలపండి. 250 వాడుతుంటే 500 జీబీ తరగతి. ఎస్ఎస్‌డీని కంఠందాకా నింపకూడదు, అయిదో వంతు ఖాళీగా ఉంచితే హాయిగా పనిచేస్తుంది.

1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 అని కనిపిస్తే మోసపోయామని కొట్టువాడితో గొడవపడకండి. తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. 500 జీబీ 465గా కనిపించడం కూడా ఇందుకే.

6. డబ్బా మీద ఏం చదవాలి?

టీబీడబ్ల్యూ అని ఒక అంకె ఉంటుంది. మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ ఇస్తుందో అది. 180 అని ఉందనుకుందాం. మీరు రోజుకి 20 జీబీ రాస్తే 9000 రోజులు, అంటే 24 ఏళ్లు దాటుతుంది. ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా? వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఆలోచించాలి, మిగతావాళ్లకి అవసరం లేదు. చిప్పు రకం కూడా చూడండి: క్యూఎల్‌సీ కంటే టీఎల్‌సీ మేలు, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తేడా తెలుస్తుంది. వారంటీ మూడేళ్లా అయిదేళ్లా చూడండి. అయిదేళ్లదానికి కాస్త ఎక్కువ ఇవ్వడం నాకు సమ్మతమే.

అమెరికా నుంచి తమ్ముడు తెస్తానన్నాడా? వారంటీ కాగితం చదవమనండి. కొన్న ప్రాంతానికే వారంటీ చెల్లుతుందని షరతు పెట్టే కంపెనీలు ఉన్నాయి. ఇక్కడ కొన్న డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కరు ఉండాలి. రేపు డిస్కు చెడితే మీరు తలుపు తట్టాల్సింది అక్కడే.

7. ఇప్పుడు మెట్రో ఎక్కండి

చీటీ మీద ఇలా ఉండాలి: "2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 500 జీబీ, టీఎల్‌సీ." లేదా "ఎం.2 2280, ఎన్‌వీఎంఈ, మూడో తరం." చీటీ చూపించి మూడు కొట్లలో ధర అడగండి. ఆదివారం వెళ్లకండి, చాలా కొట్లు మూసి ఉంటాయి.

ఇక్కడ ధరలు రాయలేదు, కావాలనే. 2011 అక్టోబరులో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కు కర్మాగారాలు మునిగితే ప్రపంచమంతటా ధరలు ఎగబాకాయి. చిప్పుల ధరలూ అలాగే ఎగిరి పడుతుంటాయి. నిరుడు ఎవరో కొన్న ధర పట్టుకుని బేరం ఆడితే మీరే అలిసిపోతారు.

"టెస్టింగ్ వారంటీ హై" అన్న మాట వినిపిస్తే అర్థం తెలుసుకోండి: పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి కొన్ని రోజుల గడువు మాత్రమే. పాత యంత్రాల నుంచి ఊడదీసిన డిస్కులకి ఇచ్చేది అదే. తెలిసి కొనడంలో తప్పు లేదు, కొత్తదనుకుని కొనకూడదు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అన్నా వద్దనండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, డబ్బా మీది నంబరుతో అక్కడే పోల్చి చూడండి.

ఇంటికొచ్చాక మొదటి పని మళ్లీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. పవర్ ఆన్ అవర్స్ అనే వరసలో సున్నానో, ఒకటో రెండో ఉండాలి. వందలు, వేలు ఉంటే అది ఎక్కడో పనిచేసి వచ్చిన డిస్కు. తర్వాత హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు నిండా రాయించి చదివించండి. 1 టీబీ అని చెప్పి నిజానికి 64 జీబీ చిప్పు పెట్టిన నకిలీలు దీనితో బయటపడతాయి. అనుమానం వస్తే మర్నాడే, బిల్లు చేత్తో పట్టుకుని వెళ్లండి.

8. బిగించడం

పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించడానికి క్లోన్‌జిల్లా ఉచితం. మామూలుగా కొత్త డిస్కు పాతదానంత గాని, అంతకంటే పెద్దది గాని అయి ఉండాలి. రోగం ముదిరిన డిస్కుని మాత్రం క్లోన్ చేయకండి. ఫైళ్లు తీసుకుని విండోస్ కొత్తగా వేసుకోవడమే నయం. అందుకోసం విండోస్ మళ్లీ కొనాలని ఎవరైనా అంటే నమ్మకండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుని బట్టి గుర్తింపు పొందుతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకుంటే చాలు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి మీ యంత్రం 11కి పనికొస్తుందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి.

డిస్కు తీయకముందే, దానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

బిగించేటప్పుడు ఛార్జరు తీసేయండి, లోపలి బ్యాటరీ కనెక్టరు కూడా. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి దాని మీదే పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైకి పొడుచుకొస్తుంది. జనవరి చలిలో స్వెట్టరు వేసుకుని కంబళి మీద కూర్చుని ఈ పని చేయకండి. ఆ పొడిగాలిలో వేలి చివర చిటుక్కుమనే కరెంటు చిప్పుకి చాలా ఎక్కువ.

9. తీసిన డిస్కు

నెల రోజులు అలాగే దాచండి. ఏదో ఒక ఫైలు మర్చిపోయే ఉంటారు. తర్వాత కబాడీవాలాకి వేసేస్తే? క్విక్ ఫార్మాట్ చేసినంత మాత్రాన అందులోవి పోవు. మీ పాన్ కార్డు, జీతం చీటీ ఇంకా అక్కడే ఉంటాయి. పూర్తిగా సున్నాలతో ఒకసారి రాయించండి. పనిచేయని హార్డ్ డిస్కయితే డ్రిల్లుతో పళ్లేలకి రంధ్రాలు వేయించి ఈ-వేస్టు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఆరోగ్యంగా ఉంటే పారేయకండి. యూఎస్‌బీ కేసులో పెడితే ఇంటి ఫొటోలకి అటక మీది పెట్టెలా పనికొస్తుంది. దీనికి ఎస్ఎస్‌డీ కంటే పాత పళ్లేల డిస్కే మేలు. చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాత మోతాదంతా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలుపుకుంటే చాలు. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. ఫరీదాబాద్ అటక మీద జూన్‌లో 30 డిగ్రీలు ఎక్కడ?

ఆ డిస్కులో ఇంటి ఫొటోలన్నీ నింపి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మెత్తటి గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంచి రండి. వచ్చే సంక్రాంతికి తీసి, కొత్త ఏడాది ఫొటోలు చేర్చి మళ్లీ అక్కడే పెట్టండి.